స్ప్రేయర్ ఇంజను బాగుచేసుకోవడం కూడా పట్టు రైతు పనే



ఈసారి పురుగుల గురించి కాదు, పురుగుల షెడ్డుకు మందు కొట్టే మిషను గురించి రాస్తున్నాం. మనలో చాలామంది దగ్గర పెట్రోలుతో నడిచే చిన్న పవర్ స్ప్రేయర్ ఉంది. 26 సీసీ చుట్టూ ఉండే టూ స్ట్రోక్ ఇంజను, ఒక పంపు, ట్యాంకు, పైపు, గన్ను, అంతే. కొందరి దగ్గర గాలితో మందు చిమ్మే మిస్ట్ బ్లోయర్ ఉంది. దాని ఇంజను కాస్త పెద్దది గానీ జాతి ఒకటే. ఈ ఇంజను సీజ్ అయిందంటే మనం చేసేది ఒకటే. టౌనుకు మోసుకుపోయి మెకానిక్ దగ్గర పెట్టి రావడం, ఆయన ఎప్పుడిస్తే అప్పుడు తెచ్చుకోవడం.

ఈ పద్ధతి మారాలని మా అభిప్రాయం. ఈ ఇంజను విప్పి, పిస్టన్, రింగులు, సీళ్లు మార్చి మళ్లీ బిగించే పని ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు పట్టు రైతులకైనా వచ్చి ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, ఇంజను ఎందుకు చెడిందో కనుక్కునే అలవాటు మనకు రావాలి. మా ఊళ్లో నాలుగైదు ఇళ్లవాళ్లం కలిసి కొన్నేళ్లుగా ఇంటి దగ్గరే ఈ పని చేసుకుంటున్నాం. అదేమంత పెద్ద విద్య కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, మనది రోజుల లెక్క. వేరే పంటల్లో మందు కొట్టడం రెండు రోజులు ఆలస్యమైనా సర్దుకోవచ్చు. మనకు కుదరదు. గూళ్లు విడిపించిన వెంటనే ఒకసారి, షెడ్డు కడిగి ఆరబెట్టాక, చాకీ పురుగులు తెచ్చే రెండు మూడు రోజుల ముందు ఇంకోసారి మందు కొట్టాలి. అప్పటికి చాకీ సెంటరులో మన పురుగులు పెరుగుతూ ఉంటాయి, తోటలో ఆకు కోతకొచ్చి ఉంటుంది. మెకానిక్ 'సోమవారం రండి' అంటే పురుగులు సోమవారం దాకా ఆగుతాయా? అప్పుడిక బకెట్టూ చీపురే గతి. 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లు గోడలకు తగులుతాయి గానీ, పైకప్పు సందుల్లోకి, ర్యాకుల కీళ్లలోకి, చంద్రికల మధ్యకి పోవు. హాలుతొండె అని మనం పిలిచే పాలరోగం క్రిములు, సున్నకట్టు రోగం బూజు దాక్కునేది సరిగ్గా అక్కడే.

మా పక్క ఊళ్లో ఒకాయనకు జరిగింది చెబుతాం. ఆయన స్ప్రేయర్ సీజ్ అయింది. టౌనులో కొత్త పిస్టన్ వేసి ఇచ్చారు. రెండు పంటలు తిరక్కుండానే మళ్లీ సీజ్. ఇంకో పిస్టన్ వేశారు, అదీ పోయింది. మూడోసారి పోయింది చాకీ తెచ్చే ముందు రోజు. చేతి పంపుతో ఏదో చేశాననిపించి పురుగులు దించాడు. నాలుగో జ్వరం దాటాక, ఆకంతా మేపాక, పాలరోగం తగిలి సగం తట్టలు ఖాళీ అయ్యాయి. మందు సరిగా తగలకపోవడమే దానికి కారణమని రుజువు చేయలేం, రోగానికి దారులు చాలా ఉంటాయి. కానీ ఆ ఇంజను ఎందుకు మూడుసార్లు పోయిందో మాత్రం మేం విప్పి చూశాం. పిస్టన్లన్నీ మంచివే. క్రాంకు పక్కనుండే ఆయిల్ సీలు ఎండి, పెదవి పగిలిపోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

ఆ సీలు అంత ముఖ్యం ఎందుకో తెలిస్తే ఈ ఇంజను సగం అర్థమైనట్టే. టూ స్ట్రోక్‌లో వేరే ఆయిల్ గది ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌ను, రింగులను, బేరింగులను తడుపుతుంది. ఆ పెట్రోలు ముందు పిస్టన్ కిందున్న క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడినుంచి పైకి పోతుంది. పిస్టన్ పైకి లేచినప్పుడు ఆ గది పెట్రోలు గాలిని లాగుతుంది. సీలు పగిలితే బయటి గాలిని కూడా లాగేస్తుంది. గాలి పెరిగిందంటే పెట్రోలు తగ్గింది, దాంతోపాటు ఆయిలూ తగ్గింది. వేడెక్కి పిస్టన్ గీసుకుపోతుంది. అలాంటి ఇంజనులో ఎన్ని కొత్త పిస్టన్లు వేసినా అంతే. రోగం వచ్చిన షెడ్డును శుభ్రం చేయకుండా కొత్త చాకీ దించినట్టే.

అందుకే మేము పెట్టుకున్న నియమం: కారణం దొరకకుండా కొత్త పిస్టన్ వేయకూడదు.

కారణం కనుక్కోవడానికి ఇంజనంతా విప్పక్కర్లేదు. మొదట ప్లగ్గు తీసి చూడండి. ఇటుక రంగులో పొడిగా ఉంటే మంచిది. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైనట్టో, ఫిల్టరు మూసుకుపోయినట్టో. తెల్లగా కాలిపోయి ఉంటే గాలి ఎక్కువైనట్టు. తర్వాత ప్లగ్గు బిగించి స్టార్టరు తాడు మెల్లగా లాగండి. చేతికి గట్టిగా అడ్డం తగలాలి. లూజుగా వచ్చేస్తే కంప్రెషన్ లేదు. ఇప్పుడు సైలెన్సరు రెండు బోల్టులు ఊడదీసి, ఆ రంధ్రంలో టార్చి వేసి పిస్టన్‌ను చూడండి. సైలెన్సరు వైపు నిలువు గీతలుంటే ఆయిల్ తక్కువ, లేదంటే గాలి లీకు. కార్బొరేటరు వైపు అరిగి ఉంటే ఫిల్టరు సరిగా లేక దుమ్ము పోయినట్టు. ఇది పది నిమిషాల పని. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది, రంధ్రం నిండా మసి పట్టి ఉండడమే జబ్బని. పిస్టన్‌ను పైకి లేపి రంధ్రం మూసి, చెక్కపుల్లతో గీకేస్తే సరి.

విప్పక తప్పదంటే, పని మొదలుపెట్టే ముందు మిషనును కిరోసిన్ బ్రష్షుతో బాగా తుడవండి. సున్నం, బ్లీచింగ్ పొడి కొంచెం లోపల పడినా కొత్త రింగు పాడే. ఒక్కో భాగం తీసే ముందు ఫోనులో ఫోటో తీయండి. సిలిండరును నిటారుగా పైకి లాగాలి, తిప్పకూడదు. తిప్పితే రింగు కొన రంధ్రంలో ఇరుక్కుని విరుగుతుంది. సిలిండరు తీసిన వెంటనే క్రాంకు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిన్ను సర్‌క్లిప్ ఎగిరి లోపల పడిందంటే ఇంకో రోజు పని. పిన్ను రాకపోతే సుత్తితో కొట్టొద్దు, రాడ్డు వంగుతుంది. రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడండి. పక్కకు కొంచెం కదిలితే పరవాలేదు. పైకీ కిందికీ టకటకమంటే క్రాంకు బేరింగు పోయినట్టు.

సిలిండరు లోపల గోరు పెట్టి గీయండి. గోరుకు గీత తగిలితే సిలిండరు కూడా మార్చాలి. పాత మోపెడ్ల లాగ బోరు కొట్టించి వాడుకుందాం అంటే ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి కుదరదు. లోపల ఇనుప స్లీవు ఉండదు, అల్యూమినియం మీద గట్టి పూత మాత్రమే ఉంటుంది. బోరు కొడితే ఆ పూత పోతుంది.

బిగించేటప్పుడు పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తు ఉంటే అది సైలెన్సరు వైపు ఉండాలి. రింగు గాడిలో చిన్న మేకు ఉంటుంది, రింగు రెండు కొనలూ దానికి అటూ ఇటూ రావాలి. సర్‌క్లిప్‌లు, ప్యాకింగులు పాతవి మళ్లీ వేయకూడదు. క్రాంకుకు రెండు వైపులా సీళ్లు కొత్తవి వేయండి, ఒకటి బాగుందనిపించినా సరే. ఫ్లైవీల్ తీయడానికి పుల్లరు వాడండి. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి.

తర్వాత మేము తప్పనిసరిగా చేసేది గాలి పరీక్ష. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి సైలెన్సరు కింద ఒకటి, కార్బొరేటరు కింద ఒకటి పెట్టి దారులు మూసేస్తాం. ప్లగ్గు రంధ్రం గుండా సైకిల్ పంపుతో మెల్లగా కొంచెం గాలి నింపి, సీళ్ల దగ్గర, ప్యాకింగుల దగ్గర సబ్బు నీళ్లు రాస్తాం. బుడగ వచ్చిందంటే లీకు అక్కడే. టౌనులో బేరం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేసే తీరిక వాళ్లకు ఉండదు. మనకు ఉంది, ఎందుకంటే మిషను మనది.

ఇంజను నడిపి చూసేది ఆరుబయట, షెడ్డుకు దూరంగా. పురుగులకు పెట్రోలు పొగ పడదని మీకు తెలిసిందే. మనిషికీ అంతే. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఇంజను బయటే పెట్టండి, పైపు మాత్రం లోపలికి లాగండి. మొదటి రెండు ట్యాంకులూ ఫుల్ రేసు ఇవ్వకుండా నడపండి.

ఇక చెడకుండా చూసుకోవడం గురించి రెండే మాటలు. ఒకటి, ఆయిల్ కొలత. మిషను పుస్తకంలో 25కి 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు, 2టీ ఆయిలే పోయాలి. 'ఒక మూత', 'అందాజా' కొలతలు మానేద్దాం. రెండోది పాత పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి, 2టీ ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంజను లాగేది అడుగునుంచి కదా, అంటే ఆయిల్ లేనిదే లాగుతుంది. మన మిషను పంటకు రెండు మూడు రోజులు పనిచేసి మిగతా రోజులు మూల కూర్చుంటుంది కాబట్టి ఈ బాధ మనకే ఎక్కువ. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటరులో ఉన్నది అయిపోయి ఆగేదాకా నడిపి పెట్టండి. పంపులో మంచినీళ్లు పోనిచ్చి, మిషను పైన తడిగుడ్డతో తుడవండి. బ్లీచింగ్ లోహాన్ని తినేస్తుంది.

దీనికి ఎదురు మాటలూ విన్నాం. 'రిపేరు ఎందుకు, కొత్తది కొనేయొచ్చు కదా' అంటారు. పిస్టన్, రింగులు, సీళ్లు, ప్యాకింగులు అన్నీ కలిపినా కొత్త మిషను ధరలో చిన్న భాగమే. పైగా కొత్తది కూడా అదే ఆయిల్ కొలతతో, అదే పాత పెట్రోలుతో నడిపితే అదే దారి పడుతుంది. 'మెకానిక్ పొట్ట కొట్టినట్టు కాదా' అని ఇంకొందరు. కాదు. క్రాంకు బేరింగు ప్రెస్సులో వేయడం, విరిగిన బోల్టు తీయడం, క్రాంకు గది పగిలితే చూడడం ఇంట్లో చేసే పనులు కావు. అవి ఆయనకే ఇవ్వాలి. వారంటీ ఉన్న మిషనును కూడా విప్పొద్దు. స్పేర్ పార్టు ఎక్కడా దొరకని మిషను మీద మాత్రం డబ్బు పెట్టకండి, ఎంత చౌకగా వచ్చినా సరే. కొనేటప్పుడే షాపులో అడగండి: 'దీని సీలు, పిస్టన్ మీ దగ్గర ఉన్నాయా? చూపించండి.' సబ్సిడీలో ఇచ్చే మిషనుకు కూడా ఈ ప్రశ్న అడిగే హక్కు మనకుంది. శాఖవాళ్లు రోగాల మీద శిక్షణ పెట్టినప్పుడు ఒక పూట ఈ ఇంజను మీద కూడా పెట్టమని అందరం కలిసి అడగాలి.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది. మిషనుతో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. శిక్షణ కోలారు, చిక్కబళ్లాపురం వైపు కన్నడంలో, హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో జరుగుతుంది. బడిలో చదువుకున్నవాళ్లకు సరే. ఇంట్లో తెలుగు తప్ప వేరే రాని పెద్దవాళ్లకు, షెడ్డు పనంతా మోసే ఆడవాళ్లకు అది చేరడం లేదు. మందు కొట్టే రోజు ఇంజను ఆగితే ఇబ్బంది పడేది మొదట వాళ్లే.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ఐదిళ్లకు ఒక పెట్టె పెట్టుకుందాం. ఎలన్ కీలు, ప్లగ్గు స్పానరు, సన్నమూతి ప్లయరు, ఫ్లైవీల్ పుల్లరు, ఆయిల్ కొలిచే గీతల గ్లాసు, ఒక జత సీళ్లు, ఒక ప్యాకింగ్ సెట్టు అందులో ఉండాలి. ఖర్చు పంచుకుందాం. ఎవరైనా ఇంజను విప్పితే ఫోటోలు, రెండు నిమిషాల వాయిస్ మెసేజి మన తెలుగులో ఈ గ్రూపులో పెట్టండి: ఏం చెడింది, కారణం ఏం దొరికింది. మీ మిషను మోడలు కూడా రాయండి. అదే మోడలు ఉన్న ఇంకో రైతుకు పనికొస్తుంది.

వచ్చే పంట గూళ్లు విడిపించేలోపు ఒక్క పని చేయండి. మీ స్ప్రేయర్ సైలెన్సరు ఊడదీసి, టార్చి వేసి పిస్టన్‌ను చూడండి. గీతలు కనిపిస్తే ఇప్పుడే చెప్పండి, ఇంకా రోజులున్నాయి.