హైడ్రోజన్ విద్యుత్ కేంద్రాలు – ఎకరాలలో ఒక లెక్క

గత రబీ చివరిలో ఒక మెట్ట మండలంలో జరిగిన రైతు సదస్సులో వేరుశనగ విత్తనశుద్ధిని గురించి ప్రసంగించి కూర్చున్నాను. వెనుక వరుసలోని ఒక నడివయసు రైతు లేచి అడిగిన ప్రశ్న విత్తనానికి సంబంధించినది కాదు. "హైడ్రోజన్ కరెంటు ఫ్యాక్టరీ వస్తాదంట సార్. భూమి ముప్పై ఏండ్లకు కౌలుకు అడుగుతాండారు. ఈయొచ్చునా?" అని అడిగినాడు. నా వద్ద సమాధానం లేదు. అది మా శాఖ పరిధిలోని విషయం కాదని చెప్పి తప్పించుకొన్నాను. కాని భూమి వినియోగం మన పరిధి కానప్పుడు మరేది మన పరిధి? ఆ రైతుకు ఆనాడు చెప్పవలసిన మాటలను ఆలస్యంగానైనా ఇక్కడ వ్రాస్తున్నాను.

2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 19,744 కోట్ల రూపాయల వ్యయంతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించినది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ అనుబంధ సంస్థ చేపట్టిన హరిత హైడ్రోజన్ హబ్‌కు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. సుమారు 1,85,000 కోట్ల రూపాయల పెట్టుబడి, 20 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ అని ప్రకటన. ఈ సంఖ్యలు పత్రికలలో వచ్చిన నాటి నుండి గ్రామాలలో 'హైడ్రోజన్' అన్న పదం భూమి ధరతో ముడిపడి వినిపిస్తున్నది. అయితే ఈ ఒక్క పదం క్రింద రెండు వేరువేరు పనులు ఇమిడి ఉన్నవి. హైడ్రోజన్‌ను ముడిసరుకుగా వాడి ఎరువులో, ఉక్కో తయారు చేయుట ఒకటి. విద్యుత్తుతో హైడ్రోజన్ చేసి, నిల్వ ఉంచి, దానినే తిరిగి విద్యుత్తుగా మార్చుట రెండవది. నా సందేహం ప్రధానంగా ఈ రెండవదానిని గురించి. పూడిమడక ప్రణాళిక ప్రధానంగా మొదటి కోవకు చెందినదే. కాని గ్రామంలో తిరిగే మధ్యవర్తికి ఈ భేదం అక్కరలేదు, రైతుకు దానిని చెప్పేవారు లేరు.

లెక్క కష్టమైనది కాదు. బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థి చేయగలిగినదే. ఒక కిలో హైడ్రోజన్‌లోని వినియోగార్హ శక్తి సుమారు 33 యూనిట్లు. నీటిని విద్యుద్విశ్లేషణ చేసి ఆ కిలోను పొందుటకు ఎలక్ట్రోలైజర్ 50 నుండి 55 యూనిట్లు తీసుకొంటుంది. అతితేలికైన ఈ వాయువును అధిక పీడనంలో నిల్వ చేయుటకు మరికొన్ని యూనిట్లు కావలెను. దానిని ఫ్యూయల్ సెల్‌లో వాడినచో సగం, అనగా 16 లేక 17 యూనిట్లు తిరిగి వస్తాయి. సాధారణ గ్యాస్ టర్బైన్‌లో మండించినచో ఇంకను తక్కువ. స్థూలంగా నూరు యూనిట్లు లోపలికి పోతే ముప్పై బయటకు వచ్చును. యూనిట్ మూడు రూపాయలకే దొరికినదనుకొన్నను, కిలోకు 52 యూనిట్ల చొప్పున విద్యుత్తుకే 156 రూపాయలు. తిరిగి వచ్చే యూనిట్‌పై ఆ ఒక్క పద్దే తొమ్మిదిన్నర రూపాయలు పడుతుంది. ఎలక్ట్రోలైజర్, కంప్రెసర్, ట్యాంకులు, ఫ్యూయల్ సెల్, వడ్డీ, సిబ్బంది ఖర్చులు ఇంకను చేరలేదు.

ఇది కేవలం కాగితంపై ఊహ అనుకొనేవారికి మన ముంగిట ఉదాహరణ ఒకటి ఉన్నది. విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి ఎన్టీపీసీ ప్రాంగణంలో హైడ్రోజన్ ఆధారిత మైక్రోగ్రిడ్‌ను నెలకొల్పనున్నట్లు 2021 డిసెంబరులో ప్రకటించారు. అక్కడి తేలియాడే సౌర ఫలకల విద్యుత్తుతో పగలు 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్ నడుచును, సాయంత్రం ఐదు నుండి ఉదయం ఏడు వరకు 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ విద్యుత్తు నిచ్చును. పగటి పది గంటలు యంత్రం పూర్తిగా నడిచినదనుకొంటే లోపలికి 2,400 యూనిట్లు, రాత్రి పదునాలుగు గంటలలో బయటకు 700 యూనిట్లు. ఇది దోషం కాదు. ప్రయోగం ప్రయోగంగా చేయదగినదే, సరిహద్దు శిబిరాల వంటి చోట్ల దానికి ఉపయోగం ఉండవచ్చును. కాని రూపకల్పన దశలోనే కనిపించే ఈ నష్టం, యంత్రాన్ని వేయి రెట్లు పెద్దది చేసినంత మాత్రాన తొలగిపోదు.

వరిలో వేసిన నత్రజనిలో నూటికి ముప్పై, నలబై పాళ్ళే మొక్కకు అందుతున్నదని మనం దశాబ్దాలుగా సదస్సులు పెట్టి చింతిస్తున్నాము. అదే నిష్పత్తిని ఇంధన రంగం వారు చూపినప్పుడు మాత్రం చప్పట్లు కొట్టుచున్నాము!

ఇప్పుడు దీనిని ఎకరాలలోకి మార్చి చూడవలెను. ఒక మెగావాట్ సౌరకేంద్రానికి నాలుగైదు ఎకరాలు కావలెను. వెయ్యి మెగావాట్ల కర్నూలు సౌర పార్కు దాదాపు 5,900 ఎకరాలు ఆక్రమించినది. ఒక మెగావాట్ మన ఎండలో రోజుకు సుమారు 6,000 యూనిట్లు ఇచ్చుననుకొందము. ఐదు ఎకరాల లెక్కన ఎకరానికి 1,200 యూనిట్లు. ఐదు హార్స్‌పవర్ల మోటారు తొమ్మిది గంటలు నడుచుటకు 34 యూనిట్లు చాలును. కనుక ఆ ఎకరం విద్యుత్తును పగలే నేరుగా వాడినచో 35 మోటార్లు నడుచును. పంప్డ్ స్టోరేజిలో నిల్వ చేసి రాత్రి వాడినచో 26 లేక 27. హైడ్రోజన్‌గా మార్చి తిరిగి తెచ్చినచో పది. అంటే రాత్రిపూట అంతే విద్యుత్తు కావలెనన్న, హైడ్రోజన్ మార్గంలో రెండున్నర రెట్ల భూమి అధికంగా కప్పబడవలెను. పోయే ప్రతి యూనిట్ వెనుక ఒక కంది చాలో, ఒక మేత బీడో ఉన్నది. ప్రాజెక్టు నివేదికలలో 'సామర్థ్య నష్టం' అని ఒక పంక్తిలో వ్రాసే విషయానికి గ్రామంలోని రూపం ఇదే.

సమర్థకుల వాదనలో బలం లేకపోలేదు. మిగులు విద్యుత్తు వృథాగా పోవుచున్నప్పుడు ముప్పై పాళ్ళు దక్కినను లాభమే కదా అంటారు. అయితే మిగులు ఉండేది రోజులో కొద్ది గంటలే. ఆ కొద్ది గంటల కొరకే కోట్ల రూపాయల ఎలక్ట్రోలైజర్‌ను కొని మిగిలిన సమయమంతా ఖాళీగా ఉంచినచో కిలో ధర ఆకాశానికి పోవును. పూర్తి సమయం నడపవలెనన్నచో అది మిగులు విద్యుత్తు కాదు, దాని కొరకే ప్రత్యేకంగా నిర్మించిన విద్యుత్తు. వారాల తరబడి, ఋతువుల మధ్య నిల్వకు హైడ్రోజన్ తప్ప మార్గం లేదన్నది మరొక వాదన. భూగర్భంలో విశాలమైన ఉప్పు గుహలు గల దేశాలలో ఇది ఆలోచించదగినదే. రాయలసీమ కఠిన శిలలలో అట్టి గుహలు లేవు. మనకు ఉక్కు ట్యాంకులే దిక్కు. పైగా మన గాలికి, ఎండకు, ఐరోపా శీతకాలానికి గల తేడా విద్యార్థులకు చెప్పనక్కరలేదు. మనకు ప్రధానంగా కావలసినది సాయంత్రం ఆరు నుండి మరునాటి ఉదయం వరకు నిల్వ. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు ఉద్దేశం అదే. ఎత్తులో ఒక జలాశయం, దిగువన ఒకటి; వెళ్ళిన నీరే తిరిగి వచ్చును, నూటికి డెబ్బైఐదు పైగా విద్యుత్తు దక్కును.

అనుభవం కూడ లెక్కనే బలపరుస్తున్నది. నార్వేలోని ఉత్సిరా దీవిలో 2004లో గాలిమరలతో హైడ్రోజన్ చేసి పది ఇళ్ళకు విద్యుత్తు నిచ్చారు. సాంకేతికంగా అది నడిచినది. కొన్నేళ్ళ ప్రదర్శన తరువాత ముగిసినది, పదకొండవ ఇంటికి పోలేదు. ఇంతకంటె గమనించదగినది దక్షిణ ఆస్ట్రేలియాలోని వయాలా ఉదంతం. గాలి, ఎండ, సముద్రతీరం, ఖాళీ భూమి, ప్రభుత్వ పట్టుదల అన్నియు ఉన్న చోటు అది. 250 మెగావాట్ల ఎలక్ట్రోలైజర్లు, 200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం నిర్మించుటకు ఆ రాష్ట్ర ప్రభుత్వం 59.3 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కేటాయించినది. 2025 ఫిబ్రవరిలో దానిని ప్రక్కన పెట్టి, ఆ నిధులను అక్కడి ఉక్కు కర్మాగారాన్ని నిలబెట్టుటకు మళ్ళించినది. హైడ్రోజన్‌కు ప్రధాన కొనుగోలుదారు కావలసినది కూడ ఆ కర్మాగారమే. కొనేవాడు కష్టంలో పడగానే కేంద్రం నిలువలేకపోయినది. ఇది ఒక్క ఆస్ట్రేలియా పాఠం కాదు. జర్మనీలో రెండు ఉక్కు కర్మాగారాలను హైడ్రోజన్‌కు మార్చుటకు దాదాపు 130 కోట్ల యూరోల ప్రభుత్వ సహాయం సిద్ధంగా ఉన్నను, ఆర్సెలార్ మిట్టల్ సంస్థ 2025 జూన్‌లో ఆ ఆలోచనను విరమించుకొన్నది.

ఇక నీటిని గురించి. ఇక్కడ నేను విమర్శకుల పక్షాన లేను. హైడ్రోజన్ పరిశ్రమ నదులను త్రాగివేయునన్న భయం కొన్ని వ్యాసాలలో కనిపిస్తున్నది. కిలో హైడ్రోజన్‌కు రసాయన సూత్రం ప్రకారం 9 లీటర్లు, శుద్ధి, శీతలీకరణ కలిపి 20 నుండి 30 లీటర్లు కావలెను. రోజుకు 1,500 టన్నుల కేంద్రానికి ఏడాదికి దాదాపు అర టీఎంసీ. ఒక పంట కాలంలో 1,200 మిల్లీమీటర్ల నీరు తీసుకొనే వరి లెక్కలో చూచిన, ఇది రెండున్నర వేల నుండి మూడున్నర వేల ఎకరాల ఒక్క పంటకు సమానం. తీరంలో సముద్రజలాన్ని శుద్ధి చేసి వాడినచో ఆ మాత్రం కూడ ఉండదు. అదే యూనిట్‌ను బోర్లు వట్టిపోయిన మండలంలో పెట్టినచో మాత్రం మాట వేరు. తప్పుడు కారణంతో సరియైన సందేహాన్ని సమర్థించినచో, రెండవనాడు మన సందేహమే చెల్లకుండా పోవును.

ముడిసరుకుగా హైడ్రోజన్ సంగతి ఇంత నిరాశాజనకం కాదు, మన రంగానికి అది దగ్గర కూడ. అమ్మోనియాకు హైడ్రోజన్ ఎట్లైనను కావలెను. నేడు అది సహజవాయువు నుండి వచ్చుచున్నది. నీటి నుండి హైడ్రోజన్ తీసి ఎరువు చేయుట కొత్త విద్య కూడ కాదు. భాక్రా జలవిద్యుత్తుతో పంజాబులోని నంగల్ కర్మాగారం 1960ల ఆరంభంలోనే ఆ పని చేసినది. తరువాత విద్యుత్తుకు గిరాకీ పెరుగగా ఆ మార్గం వదలి ఇంధన తైలం వైపు మళ్ళినది. ఆ విద్యుత్తును తీసుకొన్నవానిలో పొలాల మోటార్లు కూడ ఉన్నవని మరువరాదు. 2025లో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ నిర్వహించిన వేలంలో, ఒడిశాలోని పారాదీప్ ఎరువుల కర్మాగారానికి హరిత అమ్మోనియా కిలో 55 రూపాయల 75 పైసలకు ఇచ్చుటకు ఒక సంస్థ ముందుకు వచ్చినది. సందేహవాదినైన నాకు కూడ ఆ ధర ఆశ్చర్యం కలిగించినది. అయితే మొదటి సంవత్సరం కిలోకు 8.82, రెండవ ఏట 7.06, మూడవ ఏట 5.30 రూపాయల ప్రోత్సాహకం దానికి తోడుగా ఉన్నది. నాలుగవ ఏట నుండి ఆ సంస్థ తన కాళ్ళపై నిలుచునా అన్నది చూడవలెను. మరొక సంగతి. టన్ను యూరియాకు ముప్పావు టన్ను దాకా బొగ్గుపులుసు వాయువు కావలెను. సహజవాయువు కర్మాగారంలో అది లోపలనే పుట్టును. హరిత అమ్మోనియాతో అది రాదు, వేరొక చోటి నుండి పట్టి తేవలెను. కనుక ఈ అమ్మోనియా తొలుత డీఏపీకి, కాంప్లెక్స్ ఎరువులకే సరిపోవును. రేపే యూరియా బస్తా 'హరితం' అగునని రైతులకు చెప్పరాదు.

ఇంత జాగ్రత్త ఎందుకన్నచో, మనం ఒకసారి పొరబడినాము. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ, అడవి ఆముదం నూనెతో 2011-12 నాటికి డీజిల్‌లో ఐదవ వంతు కలుపవచ్చునని నివేదిక ఇచ్చినది. నీరు లేకున్నను, భూసారం లేకున్నను పండునని మనమే కరపత్రాలు పంచినాము. నేనును పంచినాను. మొక్క బ్రతికినది, కాయలు మాత్రం లెక్కకు రాలేదు. కొనుగోలుదారులు కనుమరుగైన తరువాత చెట్లను పెకలించుటకు కూలి ఖర్చు రైతుదే అయినది. ఆనాడు మన వద్ద బహుళ ప్రాంతీయ దిగుబడి ఫలితాలు లేవు. ఒక లక్ష్యం, దానికొక సంవత్సరం మాత్రమే ఉన్నవి. నేటి హైడ్రోజన్ ప్రకటనలలో కూడ మొదట కనిపించేవి ఆ రెండే.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు ఈ విషయంలో రైతుతో మాట్లాడునప్పుడు భూమి ఇవ్వవద్దని గాని, ఇవ్వమని గాని చెప్పవలెనని నేననను. వర్షాధార వేరుశనగలో వరుసగా మూడేళ్ళు నష్టపోయిన కుటుంబానికి ఏటా ఖచ్చితంగా వచ్చే కౌలు చిన్న విషయం కాదు. కాని ఒప్పందాన్ని చదివి పెట్టవలెను. వచ్చేది సౌరకేంద్రమా, హైడ్రోజన్ కేంద్రమా. తయారైనదానిని కొనుటకు ఎవరితోనైనా ఒప్పందం కుదిరినదా. కౌలు సంతకం నాటి నుండి మొదలగునా, నిర్మాణం నాటి నుండియా. రెండేళ్ళలో పని మొదలుకానిచో భూమి తిరిగి వచ్చునా. సంస్థ తన హక్కును మరొకరికి అమ్ముకొన్నచో రైతు ఎవరిని అడుగవలెను? ఇప్పటివరకు ఆ భూమిని దున్నుచున్న కౌలుదారుకు, గొర్రెలు మేపుకొనే కుటుంబాలకు ఏమి వచ్చునన్నది ఏ ఒప్పందంలోను ఉండదు. దానిని మనమే గ్రామసభలో లేవనెత్తవలెను.

ఆ రైతు సదస్సు ముగిసిన తరువాత తన సంచిలోని ముసాయిదాను నాకు చూపినాడు. పదునాలుగు పుటలు, ఆంగ్లంలో. గడువు ముగిసిన తరువాత కాంక్రీటు దిమ్మెలను ఎవరు తొలగించవలెనన్న నిబంధన కొరకు రెండుసార్లు వెదికినాను. లేదు.