ఇంటి మరమ్మతు: ఆగని ఫ్లష్ ట్యాంకు

ఒక వేసవిలో మేము నివసించే బ్లాకులో మధ్యాహ్నం మూడు గంటలకే మిద్దెమీది ట్యాంకు ఖాళీ కాసాగినది. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట మాత్రమే నీరు విడిచే రోజులవి. నేరం క్రింది వాటాలోని మిత్రుని పూలమొక్కలపై మోపి, మెట్ల వద్ద నాలుగు మాటలు కూడా అన్నాము. ఆయన బదులు పలుకలేదు. ఆ రాత్రి కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిన నిశ్శబ్దంలో మా స్నానాల గదినుండే సన్నని జలజల వినిపించినది. ముప్పది ఏండ్లు పంపులతో, వాల్వులతో కాపురం చేసిన మాకు కలిగిన సిగ్గును వర్ణింప నక్కరలేదు.

ఫ్లష్ ట్యాంకునుండి నీరు వృథాగా పోవుటకు సాధారణంగా మార్గాలు రెండే. అడుగునున్న రబ్బరు వాషరు సరిగా మూయకపోవుట ఒకటి. లోనికి నీరు విడిచే బాల్ వాల్వు మూతపడక, హెచ్చు నీరు ఓవర్‌ఫ్లో గొట్టంలోనికి దిగిపోవుట రెండవది. దోషమెక్కడో తెలియక సామాను కొనుట దండుగ.

పరీక్ష సులభం. ట్యాంకు నిండిన పిదప గోడవద్దనున్న యాంగిల్ కాక్‌ను మూసి, నీటిమట్టం వద్ద పెన్సిలుతో గీత గీయవలెను. అరగంటసేపు ఎవరూ ఫ్లష్ చేయరాదు (పిల్లలున్న ఇంట ఇది కష్టసాధ్యమే). మట్టం గీతకు దిగువకు జారినచో దోషం అడుగు వాషరుది. గీత వద్దనే నిలిచినచో బాల్ వాల్వుది. జారుట మరీ స్వల్పమై అనుమానం మిగిలినచో, బట్టల నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి చూడవచ్చును. ఫ్లష్ చేయకనే క్రింది పింగాణీ తొట్టిలో నీలం దిగినదంటే వాషరే.

మా ఇంట అరగంట అక్కరలేకపోయినది. రెండు నిమిషాలకే మట్టం ఒక సెంటీమీటరు దిగినది. ట్యాంకు లోపలి కొలత 40, 15 సెంటీమీటర్లు, అనగా 0.6 లీటరు. గంటకు 18 లీటర్లు, రోజుకు 432! మురుగు పారుదల గల పట్టణాలకు కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ సూచించే నీరు తలకు రోజుకు 135 లీటర్లు. ముగ్గురి వంతుకు మించిన నీటిని మేము మురుగుకాలువకు ధారపోస్తున్నామన్నమాట.

వాషరు తీసి చూడగా దాని అంచు బిరుసెక్కి ఉన్నది. అది కూర్చునే చోట సున్నపు పొర కట్టినది. బోరు నీటి ప్రసాదం! ఆ పొరను నిమ్మచెక్కతో రుద్ది, ముతక గుడ్డతో తుడిచితిమి. గరుకు కాగితం వాడరాదు, గీతలు పడిన చోట వాషరు అతుకదు. పాత వాషరునే నమూనాగా దుకాణానికి తీసికొని పోవలెను. కంటి అంచనా మమ్మల్ని రెండుసార్లు త్రిప్పినది. ట్యాంకులో వేసే బ్లీచింగు బిళ్ళలు రబ్బరును పాడుచేయునని మా శ్రీమతికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

దోషం బాల్ వాల్వుదైనచో బంతిని విప్పి చెవివద్ద ఊపవలెను. లోన నీరు చేరిన బంతి తేలదు, మార్చవలసినదే. బంతి బాగున్నచో ఇత్తడి కడ్డీని కొంచెం క్రిందికి వంచి, మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు అంగుళం దిగువన నిలుచునట్లు చేయవలెను. ప్లాస్టిక్ మరలపై మాత్రం పానా బలం చూపరాదు.

మరునాడు మిద్దెమీది ట్యాంకులో సాయంత్రం వరకు నీరున్నది. మేము క్రింది వాటాకు వెళ్ళి జరిగినది చెప్పి, అన్న మాటలకు మన్నింపు కోరితిమి. మిత్రుడు కాఫీ తెప్పించి, కొంత తటపటాయించి, “ఆ వాషరు ఎక్కడ దొరికినదండీ? మా ట్యాంకులోనూ రెండు నెలలుగా అదే చప్పుడు” అన్నారు.