పట్టా ఎవరి పేర?

ఆ మధ్య ఒక శిక్షణా శిబిరంలో, పగలంతా ఆస్తిహక్కుల పాఠాలు విని అలసిపోయిన కార్యకర్తలకి రాత్రి ఒక మూకీ సినిమా వేసి చూపించాను. 1926లో హెన్రీ కింగ్ తీసిన 'ది విన్నింగ్ ఆఫ్ బార్బరా వర్త్'. మధ్యమధ్య తెరమీద వచ్చే మాటల్ని నేనే తెలుగులో చెబుతూ పోయాను.

ఎడారి ఇసుక తుఫానులో అనాథైన పసిపాపని జెఫర్సన్ వర్త్ అనే ఆస్తిపరుడు అల్లారుముద్దుగా పెంచుతాడు. కొలరాడో నదిని మళ్లించి ఎడారిని సాగులోకి తేవాలన్నది మగవాళ్ల పథకం. తూర్పు నుంచి వచ్చిన ఇంజనీరూ, ఆమెతోపాటు పెరిగిన ఏబ్ లీ ఇద్దరూ బార్బరానే కోరుకుంటారు. వరద వస్తుంది, ఊరు కొట్టుకుపోతుంది, చివరికి ఇంజనీరుతో పెళ్లి. స్క్రీన్‌ప్లే రాసిన ఫ్రాన్సెస్ మారియన్ స్త్రీయే. అయినా పేరులోనే ఉంది: బార్బరా గెలవదు, ఆమెని గెలుచుకుంటారు.

దీపాలు వెలిగాక ఒకామె అడిగింది: "అంతా బానే ఉంది మేడమ్, ఆ భూమి పట్టా ఎవరి పేరనుంది?"

సినిమా ఆ ప్రశ్న వేసుకోదు. కథకి మూలం కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ. 1905లో నది కాలవలోకి దూకి, 1907లో గాని అదుపులోకి రాలేదు. సినిమా తీసేనాటికి ఆ లోయలో పంజాబీ రైతులున్నారు. వారిలో చాలామంది మెక్సికన్ స్త్రీలని పెళ్లాడారు. పౌరసత్వానికి అర్హతలేని విదేశీయులు భూమి కొనరాదని 1913 నాటి రాష్ట్ర చట్టం. భారతీయులకి ఆ అర్హత లేదని 1923లో థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అటువంటి వాణ్ని పెళ్లాడిన అమెరికన్ స్త్రీ 1922 కేబుల్ చట్టం కింద తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. 1931 దాకా ఇదే పరిస్థితి. తెరమీద పెళ్లి సుఖాంతం. తెర బయట అదే పెళ్లి హక్కుల్ని ఊడబెరికేది.

మనకీ ఇది కొత్త కాదు. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమాన వాటా ఇస్తూనే, అప్పటికే పెళ్లయిన వాళ్లని పక్కన పెట్టింది. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేసింది. కానీ "పసుపు కుంకుమలిచ్చాంగా, ఈ సంతకం పెట్టమ్మా" అనే మాట మిగిలే ఉంది. పుట్టింటి రాకపోకలు పోతాయన్న భయంతో పదేళ్ల క్రితం నేనూ పెట్టాను అలాంటి సంతకం. చట్టం తెలిసీ పెట్టాను. అందుకే సమాచారం ఒక్కటే చాలుతుందని నేననుకోను.

సంతకం పెట్టనన్న ఆడపిల్లకి పుట్టిల్లు తలుపు మూసేస్తే, ఆమె వెనక ఎవరు నిలబడతారు? మన సంఘాలు ముందు తేల్చుకోవలసింది ఇదే. వచ్చే సమావేశాల్లో అక్కడినుంచే మొదలుపెడదాం.