విమానము రద్దయినచో పరిహారము ఎవరి దయ?

తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచ యుద్ధకాలమందు ఆంగ్ల ప్రభుత్వమువారు వేయించిన విమానపు బాట యొకటి నేటికిని కలదు. దానిపై విమానము దిగదు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కైకలూరు, ఆకివీడు ప్రాంతములవారు విమానమెక్కవలెనన్నచో పడమట గన్నవరమునకో, తూర్పున రాజమహేంద్రవరము చెంతనున్న మధురపూడికో పోవలయును. దూరదేశములకైనచో శంషాబాదుకు పోవలయును. అనగా మనవాని విమానప్రయాణము తెల్లవారుజామున కారుతోనో రైలుతోనో ప్రారంభమగును. విమానము రద్దయిన దినమున అతనికి నష్టమగునది టిక్కెట్టు మాత్రమే కాదు. రానుపోను కిరాయి, ఆ రాత్రి బస, మరునాటి పని, ఒక్కొక్కప్పుడు ఒక పెండ్లి, ఒక ఉద్యోగము, ఒక చావుచూపు కూడ నష్టమగును.

ఆకివీడు వైపున చేపల చెరువులుగల మా మిత్రుడొకడు బెంగుళూరు పోవుటకై గన్నవరము చేరెను. విమానము రద్దయినదని కౌంటరువద్ద చెప్పిరి. తనకేమియు తెలియదనగా, సందేశము పంపితిమని కంపెనీవారు బదులిచ్చిరి. విచారింపగా సందేశము వచ్చిన మాట నిజమే. అది టిక్కెట్టు కొనిపెట్టిన ఏజెంటుగారి ఫోనుకు వచ్చినది, విమానము బయలుదేరుటకు నాలుగు గంటల ముందు వచ్చినది, ఏజెంటుగారు నిద్రలోనుండిరి. టిక్కెట్టు సొమ్ము పదునేడు దినములకు తిరిగివచ్చెను. అంతకుమించి మా మిత్రుడేమియు అడుగలేదు. ఎందుకడుగలేదంటిమి. "పోనిండు, కిందనుండగానే రద్దయినది, పైకెగిరిన తరువాత కాలేదు గదా" అని నవ్వెను.

ఈ నవ్వు మాకు నచ్చలేదు. కొల్లేటి లంకలలో పుట్టినవానికి నష్టపరిహారమనగా నేమో వేరొకరు నేర్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి నీరు మీదికి వచ్చినపుడు మన రైతు ఎన్నిమార్లు తహశీల్దారు కచేరి మెట్లెక్కలేదు? మునిగిన పైరు లెక్క వ్రాయువారు రాలేదని ఎన్ని అర్జీలు పెట్టలేదు? ప్రభుత్వమునడుగుటకు జంకనివాడు, సొమ్ము పుచ్చుకొని మాట తప్పిన వ్యాపారి నడుగుటకు సంకోచించుట వింతగానున్నది. విమానమెక్కుట ఒక గొప్ప, ఆ గొప్పలో ఏమి జరిగినను దిగమింగుట పెద్దమనిషి తరహా యను భావము మనలో పాతుకొనిపోయినది. బస్సులో చిల్లర రెండు రూపాయలకు కండక్టరుతో తగవులాడువారమే, విమానాశ్రయపు చలువగదిలో నోరు మెదపము!

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. డీ.జీ.సీ.ఏ. యను పౌర విమానయాన నియంత్రణ కార్యాలయమువారు 2010లో ఈ విషయమై నియమములు చేసి, 2016 ఆగస్టు 1వ తేదీనుండి పరిహారములను హెచ్చించిరి. అప్పుడు ఆ శాఖ మంత్రి మన విజయనగరపు అశోక్ గజపతిరాజుగారు. ఆ నియమముల ప్రకారము, విమానమును రద్దు చేయునపుడు ప్రయాణికునకు కనీసము 24 గంటల ముందు తెలుపవలెను. వేరు విమానమో, పూర్తి సొమ్మో అతడు కోరినది ఇయ్యవలెను. అట్లు తెలుపనిచో సొమ్ము తిరిగి యిచ్చుటయే గాక పరిహారము కూడ ఇయ్యవలెను. గంటలోపు ప్రయాణమునకు 5,000 రూపాయలు, రెండు గంటలలోపునకు 7,500, అంతకు మించినచో 10,000. లేదా ఒకవైపు మూల ఛార్జీయు ఇంధనపు ఛార్జీయు కలిపిన మొత్తము, ఈ రెంటిలో ఏది తక్కువయైన అది. ప్రయాణికుడు తన ఫోను నంబరు సరిగా ఇయ్యనిచో పరిహారము లేదు. మా మిత్రునివంటివారు చిక్కుకొనుట ఇచ్చటనే. ఏజెంటుచేత టిక్కెట్టు కొనిపించువారు తమ సొంత నంబరు వ్రాయించుకొనుట మంచిది. ఐనను కంపెనీవారి వాదము వారికే ఎదురు తిరుగుచున్నది. సందేశము చేరినదనుటచేతనే నంబరు పనికివచ్చునదని తేలుచున్నది. నాలుగు గంటల ముందే పంపిరని కూడ తేలుచున్నది.

సీట్లకు మించి టిక్కెట్లమ్ముట మరియొక సంగతి. కొందరెట్లును రారను లెక్కతో కంపెనీలు ఇట్లు చేయుచుండును. అందరును వచ్చిన దినమున చిట్టచివర వచ్చినవానిని "స్థలము లేదు" అని నిలిపివేయుదురు. కైకలూరు ప్రాంతమున ఒకే చెరువును ఒకే సంవత్సరము ఇద్దరికి లీజుకిచ్చిన ఆసామిని ఊరివారు ఏమందురో వ్రాయుట మా పత్రిక మర్యాదకు తగదు. ఆకాశమున మాత్రమిది వాడుకయైన వ్యాపారమై కూర్చున్నది! ఇందులో నియమము కొంత గట్టిగానే యున్నది. కంపెనీ ముందుగా స్వచ్ఛందముగా దిగిపోవువారెవరని అడుగవలెను. బలవంతముగా ఆపినచో, మొదటి విమానపు వేళకు గంటలోపల మరియొక విమానము చూపకున్నచో, పరిహారము తప్పదు. ఇరువదినాలుగు గంటలలోపల పంపినచో మూల, ఇంధన ఛార్జీలకు రెట్టింపు, 10,000 మించకుండ; ఆపై ఆలస్యమైనచో నాలుగు రెట్లు, 20,000 మించకుండ. అనగా 3,000 రూపాయల ఛార్జీతో పోవువానిని నిలిపి మరునాటి ఉదయము పంపినచో 6,000 ఇచ్చుకొనవలెను. ఈ సంగతి కౌంటరులో కూర్చున్నవారికి తెలియును. నిలబడినవానికి తెలియదు.

ఇక ఆలస్యము. దీనికి మన నియమములలో పరిహారమే లేదు. రెండు మూడు గంటలు దాటినచో ఫలహారము. ఆరు గంటలు దాటునట్లున్నచో వేరు విమానమో పూర్తి సొమ్మో. రాత్రి 8 మొదలు తెల్లవారుజామున 3 లోపల బయలుదేరవలసిన విమానము ఆరు గంటలు మించి ఆగినచో బస. అంతే. పొగమంచు, తుఫాను, యుద్ధము, సమ్మెవంటి కారణములున్నచో రద్దుకు సైతము పరిహారము లేదు. దీనిని మేము తప్పుపట్టము. పొగమంచులో విమానము నడుపనన్న పైలటుకు మనము కృతజ్ఞులము కావలెను. కాని పొగమంచు ఆకలిని ఆపదు గదా! 2007 డిసెంబరులో ఢిల్లీనుండి హైదరాబాదు రావలసిన ప్రయాణికుడొకడు మంచువలన పదునొకండు గంటల సేపు విమానములోనే కూర్చుండవలసి వచ్చెను. హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలత్ అతనికి 10,000 రూపాయల పరిహారమిప్పించెను. 2011లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. ఐనను చవుకధరల కంపెనీయైనంత మాత్రమున అట్టి ఆలస్యములో కనీస సదుపాయములు చేయకుండుటకు వీలులేదని చెప్పినది. ఢిల్లీ కోర్టులలోనే తేల్చుకొనవలెనను టిక్కెట్టు షరతు హైదరాబాదు లోక్ అదాలత్ తలుపు మూయజాలదనియు చెప్పినది. ఆ ప్రయాణికుడు సొమ్ము పోగొట్టుకొని మనకొక ద్వారమును తెరచి పెట్టినాడు.

2025 డిసెంబరు మొదటి వారమును మరచినవారుండరు. పైలట్ల విశ్రాంతినిగూర్చిన క్రొత్త నియమములకు తగిన ఏర్పాటు చేసికొనక ఇండిగో కంపెనీవారు వేలకొలది విమానములు రద్దు చేసిరి. ఒక్క 5వ తేదీననే వేయికి మించి నిలిచిపోయినవి. ఇది పొగమంచు కాదు, తుఫాను కాదు; నెలల ముందు తెలిసిన నియమము. దేశమంతట గగ్గోలు పుట్టిన తరువాత ప్రభుత్వము కదలినది, సొమ్ము తిరిగి వచ్చినది. మిక్కిలి ఇబ్బంది పడినవారికి 10,000 రూపాయల వోచర్లిత్తుమని కంపెనీవారు ప్రకటించిరి. వోచరనగా మరల ఆ కంపెనీ విమానమే ఎక్కుమని పిలుపు! పాఠకులొక సంగతి గుర్తుంచుకొనవలెను. నియమము ప్రకారము రావలసిన పరిహారమును నగదుగానో బ్యాంకు ద్వారానో పుచ్చుకొను హక్కు ప్రయాణికునిది. అతడు వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్ననే దానికి బదులు వోచరు.

మమ్ము మిక్కిలి బాధించు విషయము వేరొకటి కలదు. తాడేపల్లిగూడెపు ఎన్.ఐ.టి.లో చదివిన బాలుడొకడు పై చదువునకు జర్మనీ పోయెననుకొందము. అతడు సెలవులకు ఫ్రాంక్‌ఫర్టునుండి బయలుదేరునపుడు అతనిని ఐరోపావారి 2004 నాటి 261వ నిబంధన కాపాడును. విమానము ఏ దేశపుదైనను, సరియైన కారణము లేక రద్దయినచో దూరమునుబట్టి 250, 400 లేక 600 యూరోలు. గమ్యము చేరుటలో మూడు గంటల ఆలస్యమైనను అట్లేయని అక్కడి న్యాయస్థానము 2009లో తీర్చినది. టిక్కెట్టు ఎంత చవుకగా కొన్నాడన్న ప్రశ్న లేదు. యంత్రములో లోపమను సాకు సాధారణముగా చెల్లదు. అదే బాలుడు హైదరాబాదునుండి మన దేశపు విమానమునెక్కి తిరిగి పోవునపుడు ఆ నిబంధన అతనికి వర్తింపదు. బాలుడొకడే, బాట యొకటే; పరదేశమునుండి వచ్చునపుడున్న హక్కు స్వదేశమునుండి పోవునపుడు లేదు. ఇది మన స్వతంత్ర ప్రభుత్వమునకు గౌరవమా?

నియంత్రణ కార్యాలయమువారిని మేమడుగునది స్వల్పమే. 2016లో పెట్టిన పరిమితులు పదేండ్లుగా కదలలేదు. టిక్కెట్ల ధరలు కదలకున్నవా? "ఏది తక్కువయైన అది" యను మాట ఏల? పెండ్లికి రెండు నెలల ముందు టిక్కెట్టు కొన్నవానికి రెండు దినముల ముందు రద్దని చెప్పినచో పరిహారము లేదు. కొన్న ధరను చేతబెట్టి, నాటి హెచ్చు ధరకు మరల కొనుక్కొమ్మనుట న్యాయమా? అన్నిటికంటె ముఖ్యము, పరిహారము అడుగకుండనే రావలెను. ఎవరి విమానము ఎప్పుడు రద్దు చేసిరో, ఎవరికెప్పుడు సందేశము పంపిరో కంపెనీ లెక్కలలోనే యున్నది. బాకీ యున్నవాడే లెక్కలు దాచుకొని, రావలసినవాడు వచ్చి అడుగువరకు ఊరకుండుట ఏ వ్యాపారధర్మము? 2024 నుండి ఆ శాఖ శ్రీకాకుళపు రామ్మోహన నాయుడుగారిది. మరల తెలుగువాని చేతికి వచ్చిన ఈ అధికారముతో ఈ ఒక్క పని జరిగినచో, కువైటునుండి వచ్చి శంషాబాదులో భయముతో నిలుచుండు మన గోదావరి ఆడపడుచులు సైతము అర్జీ వ్రాయనక్కరలేకయే తమ సొమ్ము పొందగలరు.

అంతవరకు అడుగవలసినదే. 2019 నాటి వినియోగదారుల చట్టము క్రింద ఫిర్యాదిదారు తానుండు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీవారి కచేరి ఎక్కడున్నదో వెదకుకొని పోనక్కరలేదు. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, వకీలు లేకయే నడుపుకొనవచ్చును, గడువు రెండు సంవత్సరములు. ఆలస్యమునకు తగిన కారణము చూపు భారము ఎవరిదో సుప్రీముకోర్టువారు 2021లో రైల్వే వ్యాజ్యమొకదానియందు తేటగా చెప్పిరి. రైలు నాలుగు గంటలు ఆలస్యమై జమ్ములో విమానము తప్పిపోయిన కుటుంబమునకు పరిహారమిప్పించుచు, కారణము చూపలేని రైల్వేవారే బాధ్యులనిరి. కావున రద్దుకు కారణమును వ్రాతలో అడుగుడు. బోర్డింగు పాసు, సందేశము, కిరాయి రశీదు పారవేయకుడు.

మా మిత్రునకు ఈ నియమమును చదివి వినిపించితిమి. రెండుమార్లు చదివించుకొనెను. పిమ్మట చెరువుగట్టున కూర్చుండియే కంపెనీకి ఉత్తరము వ్రాసి, ఏజెంటుగారి ఫోనులోని సందేశపు నకలు జతపరచెను. ఉత్తరము పోయి నలువది దినములైనది, జవాబు లేదు. రెండు సంవత్సరముల గడువులో ఇంకను పదునాలుగు నెలలున్నవని అతడే మొన్న మాకు గుర్తుచేసెను.