దారం లేని గాలిపటం

ఆకాశంలో ఏదైనా ఎగురుతుంటే తలెత్తి చూడని పిల్లవాడు ఉండడు. సంక్రాంతికి గాలిపటం ఎగరవేసేవాడు మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూస్తూ ఉంటాడు. చూడక తప్పదు మరి. గాలి ఎటు మళ్ళుతోందో, పక్క మేడవాడి పటం ఎంత దగ్గరికి వచ్చిందో కంటితో కనిపెట్టకపోతే పటం తెగిపోతుంది. పైగా దారం ఎంత ఉంటే పటం అంతే దూరం పోతుంది. కాబట్టి అది ఎప్పుడూ ఎగరవేసేవాడి చూపుమేరలోనే ఉంటుంది.

ఇటీవలి కాలంలో ఆకాశంలోకి డ్రోను వచ్చి చేరింది. హోసూరులో పెళ్ళి జరిగినా, బరంపురంలో జాతర జరిగినా, షోలాపూరులో ఊరేగింపు బయలుదేరినా నాలుగు చిన్న పంకాల యంత్రం ఒకటి తుమ్మెదలా రొద చేస్తూ తలల మీద తిరుగుతుంది. దానిని నడిపే కుర్రవాడు మాత్రం చాలాసేపు పైకి చూడడు. చేతిలోని తెర మీద బొమ్మ బాగా వస్తోందా లేదా అని తల వంచుకొని ఉంటాడు. గాలిపటానికీ డ్రోనుకూ ఉన్న అసలు తేడా ఈ తల వంచుకోవడమే. ప్రమాదమంతా అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే ఆ ఆకాశంలో డ్రోను ఒక్కటే లేదు. పెద్ద విమానాలు కొన్ని వేల అడుగుల ఎత్తున పోతాయి. విమానాశ్రయం దగ్గర తప్ప వాటికీ సరదా డ్రోన్లకూ ఎదురుపడే అవసరం రాదు. హెలికాప్టరు సంగతి వేరు. అది కిందుగా తిరగడానికే పుట్టిన వాహనం. రన్‌వే అక్కరలేకుండా ఎక్కడైనా దిగగలగడమే దాని గొప్ప. ముంబైలో జుహూ నుంచి బాంబే హై సముద్ర చమురు క్షేత్రానికి పనివారిని మోసుకుపోయే హెలికాప్టర్లు ఉన్నాయి. బెంగళూరులో హెచ్.ఎ.ఎల్. సంస్థ ధ్రువ్ హెలికాప్టర్లను తయారు చేస్తున్న చోటు చుట్టూ నగరం అల్లుకుపోయింది. తమిళనాడులో అరక్కోణం దగ్గర నావికాదళానికి రాజాలి అనే వైమానిక స్థావరం ఉంది. ఎన్నికలు వస్తే బడి మైదానాలే హెలిపాడ్లవుతాయి. ఇక వరదలు వస్తే చెప్పనక్కరలేదు. 2015 డిసెంబరులో చెన్నై నీట మునిగినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు మేడల మీదికి దిగివచ్చి నిండు గర్భిణులను సైతం పైకి తీసుకొని పోయాయి. డ్రోను ఎగిరే ఎత్తూ, హెలికాప్టరు సాయానికి దిగే ఎత్తూ ఒకటే.

ఈ రెండూ ఒకే ఎత్తున ఎదురైతే ఏమవుతుందో 2017 సెప్టెంబరు 21 న న్యూయార్కులో తెలిసివచ్చింది. ఐక్యరాజ్య సమితి సాధారణ సభ సమావేశాలు జరుగుతున్న రోజులవి. దేశాధినేతల రాక కారణంగా నగరం మీది ఆకాశంలో డ్రోన్లు ఎగరరాదని తాత్కాలికంగా నిషేధించారు. పొద్దుగూకిన వేళ అమెరికా సైన్యానికి చెందిన రెండు బ్లాక్ హాక్ హెలికాప్టర్లు స్టేటెన్ ఐలండ్ తీరం పక్కన సుమారు 300 అడుగుల ఎత్తున పోతున్నాయి. వాటిలో ఒకదానికి డ్రోను తగిలింది.

డ్రోను బరువు ఒక కిలో నాలుగు వందల గ్రాములకు మించదు. హెలికాప్టరు నిండు బరువుతో పది టన్నుల దాకా తూగుతుంది. అయినా దాని ప్రధాన రోటరు రెక్క అంచున సుమారు ఒకటిన్నర అంగుళాల సొట్ట పడింది. డ్రోను మోటారు ఒకటి, దాని చేతి ముక్కతో సహా హెలికాప్టరు లోపలికి దూసుకుపోయి ఆయిల్ చల్లబరిచే పంకాలో ఇరుక్కుంది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బలు తగలలేదు. పైలట్లు హెలికాప్టరును న్యూజెర్సీలోని లిండెన్ విమానాశ్రయంలో క్షేమంగా దించారు.

ఇందులో ఆలోచించవలసిన సంగతి ఢీకొనడం కాదు, ఆ తరువాతిది. డ్రోను ఎగరవేసిన మనిషి అప్పటికి దానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరంలో డ్రోను కనపడే ప్రసక్తే లేదు. తెర మీద బొమ్మ ఆగిపోయింది. కాసేపు చూశాడు. యంత్రం తిరిగి రాకపోయేసరికి ఏదో లోపం వచ్చి నీళ్ళలో పడిపోయిందనుకొని ఇంటికి వెళ్ళిపోయాడు. హెలికాప్టరులో దొరికిన మోటారు ముక్క మీది సంఖ్యను బట్టి, డ్రోను తయారు చేసిన సంస్థ సాయంతో అధికారులు అతనిని గుర్తించారు. వారు వచ్చి అడిగేదాకా తాను సైనిక హెలికాప్టరును ఢీకొట్టినట్టు అతనికి తెలియనే తెలియదు. నిషేధం ఉన్న సంగతీ తెలియదు. అటువంటిది ఏదైనా ఉంటే తెర మీది యాప్ చెబుతుందని నమ్మాడు. అతడు దుర్మార్గుడు కాడు, ఎవరికీ హాని తలపెట్టలేదు. డ్రోనును కావాలనే చూపుమేర దాటించడం వల్ల ప్రమాదం జరిగిందని, నిబంధనలు సరిగా తెలియకపోవడం దానికి తోడయిందని దర్యాప్తు సంస్థ తేల్చింది.

హెలికాప్టరు పైలటే చూసి తప్పుకోవచ్చు కదా అని కొందరు అంటారు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేసి చూడవచ్చు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే హెలికాప్టరు సెకండుకు సుమారు 55 మీటర్లు సాగుతుంది. 35 సెంటీమీటర్ల వెడల్పు గల డ్రోను 300 మీటర్ల దూరాన ఎంత కనిపిస్తుంది? పెద్ద తరగతి గదిలో చివరి బెంచీ మీద కూర్చున్నవాడికి నల్లబల్లకు అంటించిన చొక్కా గుండీ ఎంత కనిపిస్తుందో అంతే. ఆ గుండీ దగ్గరికి రావడానికి పట్టే కాలం ఐదు సెకండ్ల పైచిలుకు. ఈలోగా పైలటు దానిని చూడాలి, పక్షి కాదని పోల్చుకోవాలి, ఎటు తిప్పాలో తేల్చుకోవాలి, ఆపైన అంత బరువైన యంత్రం మలుపు తిరగాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. తిన్నగా వచ్చి ఢీకొనబోయే వస్తువు ఎదుటి అద్దంలో అటూ ఇటూ జరగదు. ఒకేచోట చుక్కలా నిలబడి, చివరి క్షణంలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. కదిలే వస్తువును ఇట్టే పట్టే కన్ను, కదలని చుక్కను పట్టలేదు. కాబట్టి తప్పుకొనే భారం పైలటు మీద పెట్టడం న్యాయం కాదు. అతనికి డ్రోను కనపడదు. నేల మీద నిలుచున్నవాడికి మాత్రం హెలికాప్టరు కనపడుతుంది, చాలాసార్లు అంతకంటె ముందే వినపడుతుంది.

పక్షులు తగలడం లేదా, అవి తగిలినా విమానాలు దిగుతూనే ఉన్నాయి కదా అనే మాటా వినిపిస్తుంది. పక్షి ఒళ్ళు మెత్తన. డ్రోనులో ఉక్కు ఇరుసుల మోటార్లు, గట్టి బ్యాటరీ ఉంటాయి. ఒకే బరువున్న పక్షి కంటె డ్రోను వల్ల విమాన భాగాలకు ఎక్కువ నష్టం కలుగుతుందని అమెరికాలో 2017 లో వెలువడిన పరిశోధన చూపింది. హెలికాప్టరుకు తోక చివర నిలువుగా తిరిగే చిన్న రోటరు ఒకటి ఉంటుంది. పైనున్న పెద్ద రోటరు తిరిగే ఊపుకు హెలికాప్టరు ఒళ్ళంతా బొంగరంలా గిరగిర తిరిగిపోకుండా పట్టి ఉంచేది అదే. న్యూయార్కులో డ్రోను ముక్కలు అక్కడ తగలకపోవడం ఎవరి జాగ్రత్త వల్లా కాదు.

మన దేశంలో 2021 ఆగస్టులో డ్రోన్ల నిబంధనలు వచ్చాయి. దేశపు ఆకాశాన్ని పటం మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగుల వరకు ఎగరవేయవచ్చు. మనుషులున్న విమానానికి డ్రోను దారి ఇవ్వాలని, దూరంగా ఉండాలని స్పష్టంగా రాశారు. ఇవన్నీ మంచి నియమాలే. అయితే రెండు కిలోల లోపు డ్రోనును వ్యాపారం కోసం కాక సరదాకు ఎగరవేసేవారికి పైలట్ ధ్రువపత్రం అవసరం లేదన్నారు. న్యూయార్కులో బ్లాక్ హాక్ రెక్కను సొట్టపరచిన డ్రోను ఈ లెక్కన ధ్రువపత్రం అక్కరలేని తరగతికే చెందుతుంది! ప్రతి పిల్లవాడినీ పరీక్షకు కూర్చోబెట్టడం కుదిరే పని కాదు కనుక ఆ మినహాయింపును తప్పుపట్టలేము. కాని పరీక్ష లేనిచోట చదువు కూడా లేకపోతే ఎలా?

పటం మీది రంగు విషయంలో కూడా చాలామంది పొరపాటు పడుతున్నారు. ఆకుపచ్చగా ఉందంటే అక్కడ ఆకాశం ఖాళీ అని అర్థం కాదు. అనుమతి అడగకుండా ఎగరవేయవచ్చు అని మాత్రమే అర్థం. బ్లాక్ హాక్ పోతున్నది 300 అడుగుల ఎత్తున అన్నది మరువరాదు. అది 400 అడుగుల హద్దుకు కిందే. అవసరమైనప్పుడు ఏ ప్రాంతాన్నయినా తాత్కాలికంగా ఎర్ర మండలంగా ప్రకటించే వీలు మన నిబంధనలలోనూ ఉంది. నిన్న చూసిన రంగు నేడు ఉండకపోవచ్చు. న్యూయార్కు మనిషికి తెలియకుండా పోయింది ఇటువంటి ప్రకటనే.

ఇన్నేళ్ళలో ఇటువంటి ఢీలు ఎన్ని జరిగాయి, ఇంత భయమెందుకు అని అడగడంలో కొంత న్యాయం ఉంది. నిజమే, అవి అరుదు. కాని డ్రోను హాని చేయడానికి ఢీకొననక్కరలేదు. 2015 జూలైలో కాలిఫోర్నియాలో కాహోన్ కనుమ దగ్గర కార్చిచ్చు రాజమార్గం మీదికి ఎగబాకింది. మంటను చూపించే బొమ్మల కోసం ఎవరెవరో ఎగరవేసిన డ్రోన్లు ఐదు అక్కడ కనిపించాయి. వాటి మూలంగా నీరు చల్లవలసిన హెలికాప్టర్లు, విమానాలు సుమారు ఇరవై నిమిషాలు పనిచేయలేకపోయాయి. కింద దారి మీద వదిలి పరుగెత్తిన కార్లు తగులబడుతూనే ఉన్నాయి. ఒక్క డ్రోను కూడా ఎవరినీ తాకలేదు.

పదేళ్ళ తరువాత కూడా ఆ బుద్ధి మారలేదు. 2025 జనవరిలో లాస్ ఏంజెలస్ నగరం పక్కన మంటలు రేగినప్పుడు ఒకతను కార్లు నిలిపే భవనం పైనుంచి డ్రోనును రెండున్నర కిలోమీటర్ల దూరం పంపి, దానిని కనుచూపుకు పోగొట్టుకున్నాడు. అది కెనడా నుంచి సాయానికి వచ్చిన, నీరు మోసే విమానం ఎడమ రెక్కకు చిల్లు పెట్టింది. ఊరు కాలుతుండగా ఆ విమానం మరమ్మతు కోసం నేల మీద నిలబడవలసి వచ్చింది.

అంతమాత్రాన డ్రోన్లనే నిషేధించాలనడం తొందరపాటు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు హెలికాప్టర్లతో పాటు డ్రోన్లు కూడా మేడల మీది జనానికి ఆహారం పొట్లాలు చేర్చాయి. పడవ చొరబడలేని సందులోకి డ్రోను పోగలిగింది. పొలాలలో మందు చల్లడానికీ అది పనికివస్తోంది. పనికివచ్చే వస్తువే కనుక పద్ధతి నేర్పాలి. అటువంటి వరదలో సహాయక సిబ్బంది డ్రోను ఉండవలసిందే. వేడుక చూడడానికి పక్క మేడ మీదనుంచి లేచే డ్రోను మాత్రం ఉండరాదు. నీళ్ళలో చిక్కినవారిని తీయడానికి వచ్చిన హెలికాప్టరు పైలటుకు ఏ డ్రోను ఎవరిదో పైనుంచి తెలియదు. ఒకటి కనిపిస్తే వెనుదిరగవలసిన వాడే.

నేర్పవలసింది కూడా ఎక్కువ లేదు. డ్రోను ఎప్పుడూ కంటికి కనపడుతూ ఉండాలి, తెరలో కనపడితే చాలదు. తెర చూడక తప్పనప్పుడు ఆకాశం చూడడానికి పక్కన మరొకరు నిలబడాలి. హెలికాప్టరు మోత వినపడగానే, అది ఏ దిక్కున ఉందో వెతుకుతూ కూర్చోక, డ్రోనును కిందికి దించాలి. చాలామంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు. హెలికాప్టరు వస్తోందంటే దానిని దగ్గరగా ఫొటో తీయాలని డ్రోనును ఇంకా పైకి లేపుతారు.

ఇంత చిన్న సంగతి ఎగరవేసేవారికి ఎందుకు చేరడం లేదు? డ్రోను పెట్టెలో వచ్చే కాగితం చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది, అదీ సన్నని అక్షరాలలో. అన్నయ్య పెళ్ళికి కొన్న డ్రోనును మేడ మీదికి పట్టుకుపోయే పద్నాలుగేళ్ళ పిల్లవాడు దానిని చదవడు. చదివినా, యానాంలోనో బళ్ళారిలోనో తెలుగు బడిలో చదివే పిల్లవాడికి అందులోని చట్టపు మాటలు అర్థం కావు. సంక్రాంతి ముందు గాజుపొడి మాంజా వాడవద్దని పోలీసులు ఊరివారి భాషలోనే చెబుతారు, పత్రికలు రాస్తాయి. డ్రోనుకూ అటువంటి ఏర్పాటు కావాలి. అమ్మే దుకాణంవాడు పెట్టెతో పాటు ఒక పుట కాగితం ఇవ్వాలి. అది కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీలతో పాటు తెలుగులోనూ ఉండాలి. కొన్నవాడు దానిని పైకి చదివి వినిపించిన తరువాతనే బ్యాటరీ చేతికివ్వాలని నియమం పెట్టినా తప్పులేదు.