కాలాలు పన్నెండూ కంఠస్థం, నోటికి మాత్రం తాళం

దుమ్ముగూడెం: మన పల్లెల్లో పదో తరగతి పిల్లవాణ్ణి ఇంగ్లీషులో కాలాలెన్ని అని అడిగి చూడండి. వర్తమానం నాలుగు, భూతం నాలుగు, భవిష్యత్తు నాలుగు, మొత్తం పన్నెండని గుక్క తిప్పుకోకుండ అప్పజెబుతాడు. ‘రేపు భద్రాచలం పోతున్నాను’ అన్న ముక్కను ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం నేల చూపులు చూస్తాడు. ‘షల్’ వేయాలా, ‘విల్’ వేయాలా అని భయం. తప్పు పోతే నలుగురూ నవ్వుతారని సిగ్గు.

ఇంగ్లీషు ఇంటిభాషగా గలవారు ఈ మాటను ఎలా అంటారో తెలిస్తే ఆ భయం సగం తీరుతుంది. రేపటి ప్రయాణానికి వారు ‘ఐ యామ్ గోయింగ్ టుమారో’ అంటారు. పట్టికలో అది వర్తమానం. మనం ‘రేపు పోతున్నా’ అనడం లేదా? అదే తీరు. బస్సు వేళ చెప్పేటప్పుడు ‘ద బస్ లీవ్స్ ఎట్ సిక్స్’ అంటారు. అదీ వర్తమానమే. జరిగిపోయిన ముచ్చట చెబుతూ ఊపు వస్తే ‘హి కమ్స్ అండ్ సేస్’ అంటారు. మన రచ్చబండ మీదా అంతే. ‘నిన్న సంతలో బేరం చేస్తున్నా, ఇంతలో వీడొస్తాడు, చెయ్యి పట్టుకుంటాడు’ అని చెప్పుకుంటాం.

‘అన్నం తిన్నావా’ అనడానికి ఇంగ్లండు వారు ఎక్కువగా ‘హ్యావ్ యు ఈటెన్’ అంటే, అమెరికా వారు ‘డిడ్ యు ఈట్’ అని కూడ అంటారు. రెండూ ఒప్పే.

అలాగని ఎట్లా మాట్లాడినా చెల్లుతుందని కాదు. ‘ఐ యామ్ నోయింగ్’ అని మనవాళ్లంటారు, వారు అనరు. ‘ఈ దారి నాకు తెలుసు’ అంటాం గాని ‘తెలుస్తూ ఉన్నాను’ అనం గదా. ఈ పోలిక చూపితే పిల్లవాడికి పట్టుబడుతుంది. పరీక్షకు, అర్జీకి వ్యాకరణం కావలసిందే. కాని మాట ముందు, పట్టిక తరువాత.

1870లలో దుమ్ముగూడెంలో మకాం వేసిన జాన్ కెయిన్ అనే ఆంగ్ల మిషనరీ కోయల మాటను, ఆచారాలను తెలుసుకుని ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వ్రాశాడు. కోయమాటకు అప్పుడు బడిపుస్తకం ఎక్కడిది? మనుషుల నోట వినే నేర్చుకుని ఉండాలి. ఆ దొర మన మాట నేర్చిన దారినే మన పిల్లలు ఆయన మాట నేర్వరాదా?

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడులలో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చారు. ఇంట్లో కోయ, బజారులో తెలుగు మాట్లాడే పిల్లకు ఇది మూడో భాష. నోరు విప్పే అవకాశమే లేకపోతే ఆ పిల్ల లెక్కలు, సైన్సు కూడ పోగొట్టుకుంటుంది. రేపు పట్నంలో ఉద్యోగానికి పోయినా తెలిసిన జవాబు చెప్పలేక వెనుదిరుగుతుంది.

కనుక ప్రతి తరగతిలో రోజుకు పది నిమిషాలు మాటలకే కేటాయించాలి. నిన్న ఏం చేశావు, రేపు ఎక్కడికి పోతున్నావు అని పంతులుగారు అడగాలి. పిల్ల చెప్పడం ముగిసేదాకా ఆపరాదు. తప్పు తరువాత దిద్దవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. విద్యాశాఖ, ఐటీడీఏ అధికారులు ఆలోచించాలి. తల్లిదండ్రులు కూడ ‘ఎన్ని కాలాలు వచ్చు’ అని గాక ‘ఇవాళ ఏం మాట్లాడావు’ అని పిల్లలను అడగాలి.