వసంతకాలము - ఉన్నత పాఠశాలల ఆటపోటీలు

మాఘము వెడలి ఫాల్గుణము ప్రవేశించినతోడనే మన మెరకసీమలో గాలి మారును. మామిడిపూత పిందెగట్టును. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములు మూడును సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు మించిన యెత్తున నున్నవగుటచే, దిగువసీమల బాలురు ఎండకు వెఱచి యిల్లు వెడలని దినములలో సైతము ఇచ్చటి ప్రాతఃకాలములు చల్లగా నుండును. ఆటలకింతకంటె ననువైన ఋతువు లేదు. అయినను సరిగా నీ కాలముననే మన ఉన్నత పాఠశాలల మైదానములు మూగవోవుచున్నవి. మార్చిలో పదవ తరగతి పరీక్షలు. వానికొఱకు ఉదయమొక అదనపు తరగతి, సాయంకాలమొక అదనపు తరగతి. పరీక్ష వ్రాయువారి పేరు చెప్పి, వ్రాయనివారి ఆటగంటను గూడ హరించుచున్నారు. ఇది న్యాయమా యని మేమడుగుచున్నాము.

ఈ విషయమున జపానుదేశపు అనుభవము మన యాలోచనకు తగియున్నది. 1915లో ఒసాకా నగరపు అసాహి పత్రికవారు ఆ దేశపు మాధ్యమిక పాఠశాలల బాలురకు వేసవిలో బేస్‌బాల్ పోటీల నేర్పరచిరి. 1924లో అదే నగరపు మైనిచి పత్రికవారు వసంతకాలమున మఱియొక పోటీని నెలకొల్పిరి. ఆ సంవత్సరముననే కోషియెన్ అను క్రీడారంగము వెలసినది. యుద్ధము వలన నాగిన పోటీలు 1946లో వేసవికి, 1947లో వసంతమునకు మరల మొదలైనవి. ఓడిన జట్టు బాలురు ఆ మైదానపు మట్టిని గుప్పెడు తీసి, సంచిలో నుంచుకొని తమ యూరికి గొనిపోవుట అచ్చటి యాచారము. ఓటమి నవమానముగా గాక జ్ఞాపకముగా దాచుకొనుట యెంతటి సంస్కారము! అమెరికాలోను ఉన్నత పాఠశాలల బేస్‌బాల్ వసంత ఋతువు నాటి యాటయే.

అదే 1915లో మన మదనపల్లెలో అనిబిసెంటమ్మగారు దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించిరి. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు అచ్చట విడిసి, ‘జనగణమన’ గీతమును ఆంగ్లమున పరివర్తన మొనర్చిరి. జిడ్డు కృష్ణమూర్తిగారు పుట్టినదీ పట్టణముననే. ఆయన తలంపున వెలసిన రిషివ్యాలీ పాఠశాల యున్నదీ చేరువనే. నూఱేండ్లకు పైగా విద్యకు పేరుగన్న సీమ యిది. విద్యయన పుస్తకము మాత్రమే కాదని యెఱిగిన పెద్దలు నడయాడిన సీమ. ఇట్టిచోట బాలుర ఆటలకొక ఋతువు, ఒక నియమము, ఊరివారి యాదరణ లేకుండుట మనకు తలవంపు గాదా?

బేస్‌బాల్ మన పాఠకులలో పలువురకు పరిచితము గాకపోవచ్చును. జట్టునకు తొమ్మండుగురు. తొంబదేసి యడుగుల భుజములు గల చతురస్రమునకు నాలుగు మూలలు. అఱువది యడుగుల దూరము నుండి విసరిన బంతిని కఱ్ఱతో గొట్టి, నాలుగు మూలలు చుట్టివచ్చినచో నొక పరుగు. మన బిళ్ళంగోడులోని దెబ్బయు, ఖోఖోలోని పరుగును గలిసినట్లుండును. బాలికలాడు సాఫ్ట్‌బాల్‌కు చతురస్రపు భుజము అఱువది యడుగులే. ఈ రెండాటలును మన దేశపు పాఠశాలా క్రీడల పట్టికలో నున్నవి. 2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో క్రికెట్‌తోపాటు వీనికిని చోటు నిర్ణయింపబడినది.

అంతమాత్రమున పరదేశపు ఆటను నెత్తికెత్తుకొనుడని మేము చెప్పుట లేదు. మన చెడుగుడు కబడ్డీ పేర 1990 నుండి ఆసియా క్రీడలలో నిలిచియున్నది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన ఖోఖో ప్రపంచకప్పును మన పురుషులును, స్త్రీలును గూడ గెలిచిరి. ఏ పాఠశాలకు ఏ యాట అలవాటో ఆ యాటనే యాడవచ్చును. జపానువారి నుండి మనము నేర్వవలసినది బంతి కాదు, పద్ధతి.

మన బాలురకు పోటీలు లేవా యనిన, కలవు. మండలము మొదలు జిల్లా వఱకు ఎంపికలు జరుగుచున్నవి. కాని వాని యుద్దేశము కొందఱను ఏఱుట; అందఱచే నాడించుట కాదు. ఒక్క యుదయమున నొక్క యాటలో నోడిన జట్టునకు ఆ సంవత్సరమంతయు ముగిసినట్లే. ఏఱబడినవానికి ధ్రువపత్రము లభించును, ఏఱబడనివానికి ఇంటిత్రోవ. 2023 డిసెంబరు మొదలు 2024 ఫిబ్రవరి వఱకు ‘ఆడుదాం ఆంధ్ర’ యను పేర రాష్ట్రమంతట జరిగిన పోటీలు పదునైదేండ్లు దాటినవారి కుద్దేశింపబడినవి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలలో పెక్కుమందికి వానిలో చోటు లేకపోయినది. ప్రతి పాఠశాలకు ఆటస్థలము, ఆటవస్తువులు నుండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము స్పష్టముగా చెప్పుచున్నది. చట్టము స్థలము నీయగలదు. ఆ స్థలమున పిల్లలను నిలుపవలసినవారము మనము.

కావున మా సూచన యిది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూడు పట్టణముల ఉన్నత పాఠశాలలు ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలురకొక జట్టు, బాలికలకొక జట్టు కూర్చవలెను. సంక్రాంతి వెడలిన పిదప ఆఱు ఆదివారములు నిర్ణయించుకొనవలెను. ప్రతి జట్టును తక్కిన రెండు జట్లతో రెండేసిమాఱు లాడవలెను. మొత్తమాఱు పోటీలు, ఒక్కొక్క జట్టునకు నాలుగు. ఓడినవాడును మరుసటివారము మరల మైదానమున నిలుచును. అదియే యీ పద్ధతిలోని ప్రాణము. మార్చి మొదటివారమునకు ఆటలు ముగియును. పదవ తరగతివారి చదువునకు దీనివలన నొక్క గడియయు నష్టము లేదు.

వ్యయమెంత? బండి కూలి, ఒక పూట భోజనము, బంతులు, కఱ్ఱలు, చేతితొడుగులు. టొమేటో మండీలలో వేకువనే లక్షల బేరములు సాగించు వర్తకులకు ఇది భారము గాదు. భూస్వాములకు మఱియొక విన్నపము. బేస్‌బాల్‌కు రెండు మూడెకరముల చదునైన నేల గావలెను. వేరుసెనగ ఒబ్బిడియైన పిదప దుక్కి వఱకు బీడుగానుండు చేను ఊరికి చేరువ నున్నచో, రెండుమాసములు పిల్లలకు విడువుడు. వారి పాదముల త్రొక్కుడు వలన గట్టిపడిన నేలను ఒక్క తొలకరి వాన మెత్తపఱచును.

ఆక్షేపణలు లేకపోవు. ఆటలవలన మార్కులు తగ్గునని తండ్రులందురు. వారమునకొక యుదయము మైదానమున గడపినంతనే తగ్గిపోవు చదువు, చదువు కాదు. ఈడువచ్చిన ఆడుపిల్లలకు ఆటలేల యని తల్లులందురు. 2025లో ప్రపంచకప్పు గెలిచిన భారత మహిళా క్రికెట్ జట్టులో పొరుగున నున్న కడపజిల్లా యువతి శ్రీచరణి యున్నదని వారికి మనవి చేయుచున్నాము. ఆమెను పండ్రెండవయేట ఇంట గూర్చుండబెట్టి యున్నచో మన సీమకా కీర్తి దక్కెడిదా? పల్లెపిల్లలకు శిక్షణ యెవరిత్తురని మఱికొందఱందురు. 1969లో అనంతపురమునకు వచ్చిన విసెంటె ఫెర్రర్‌గారి సంస్థ అచ్చట నొక క్రీడాగ్రామమునే నడుపుచు, పల్లెపిల్లలకు ఆటలు నేర్పుచున్నది. కఱవుసీమలో సాధ్యమైన కార్యము ఇచ్చట నేల సాధ్యము గాదు?

రెండు హెచ్చరికలు మాత్రము చేయవలసియున్నది. గెలుపుమీది మోహమున పిల్లల దేహములను పాడుచేయరాదు. జపానులో పేరాశపడి లేత భుజములచే బంతులు విసరించి విసరించి చెఱచిన పిదప, 2020 నుండి యొక బాలుడు వారమున 500 బంతులకు మించి విసరరాదని నియమము చేసికొనిరి. వారు శతాబ్దము గడచిన తరువాత నేర్చిన పాఠమును మనము మొదటి దినముననే నేర్వవచ్చును. రెండవది: ఈ పోటీలకు ఏ నాయకుని పేరును వలదు, ఏ పక్షపు పతాకమును వలదు. నాయకులు రాదలచినచో వచ్చి, ప్రేక్షకులతోపాటు గట్టుమీద కూర్చుండవచ్చును.

జపానులో ఈ కార్యమునకు నాందిపలికినవి పత్రికలు. మేమును మా వంతు నెఱవేర్తుము. ఈ మూడు పట్టణముల పెద్దలు కూడి తేదీలు నిర్ణయించినచో, ప్రతి యాట ఫలితమును, గెలిచినవారి పేర్లతోపాటు ఓడినవారి పేర్లను గూడ, ఈ పత్రికలో ప్రకటింతుము. కుప్పము బాలిక పుంగనూరు మైదానమున నోడి, గుప్పెడు మట్టి కొంగున ముడివైచికొని, మరుసటివారము గెలుతునని రైతుబిడ్డ నిబ్బరముతో బండియెక్కు దినము రావలెను. ఆ దినమును తెచ్చుట ప్రధానోపాధ్యాయుల చేతిలోను, తల్లిదండ్రుల చేతిలోను, ముఖ్యముగా ఈ పంక్తులు చదువుచున్న మీ చేతిలోను ఉన్నది. వసంతమెవరికొఱకును ఆగదు, బాల్యమును అట్టిదే.